వరద మైదానం ప్రణాళిక, సహజ ఆవాసాల పునరుద్ధరణ: స్థానిక సంస్థ తరఫున ప్రాజెక్టు నడపడం ఎలా?

స్థానిక సంస్థల్లో పనిచేసే ఇంజనీర్లు, ప్రణాళిక అధికారులు, వార్డు సభ్యులు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "ఏటి పక్కన ముంపు నేలను బాగుచేసే పని మా మీద పడింది. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఎక్కువమంది మొక్కలతోనో కరకట్టతోనో మొదలుపెడతారు. ఆ రెండూ తర్వాతి సంగతులు. ముందు తేలాల్సింది ఒక్కటే: ఏరు పొంగినప్పుడు నీళ్లు ఎక్కడికి పోవాలి? ఆ చోటేదో ఊరంతా కలిసి ఒప్పుకుని, మ్యాపు మీద గీసుకుని, దాన్ని ఖాళీగా ఉంచగలిగితే మిగతా పనులకు దారి దొరుకుతుంది. అది తేలకుండా ఖర్చుపెట్టిన డబ్బు పెద్ద వరద వచ్చిన రోజు నీళ్లపాలే.

ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. హెక్టారు నేల మీద మీటరు లోతు నీళ్లు నిలిస్తే అవి 10,000 ఘనపు మీటర్లు, అంటే కోటి లీటర్లు. ఆ హెక్టారును మట్టి పోసి ఎత్తు చేస్తే కోటి లీటర్లు మాయమైపోవు, ఇంకొకరి గడప తొక్కుతాయి. కౌన్సిల్ సమావేశంలో ఈ ఒక్క లెక్క చెబితే చాలా వాదనలు తగ్గుతాయి.

కావాల్సినవి

- బాధ్యత తీసుకునే ఒక అధికారి. కమిటీ ఉండొచ్చు, కానీ ఫోన్ ఎత్తి జవాబు చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి.
- నీటి లెక్కలు తెలిసిన ఇంజనీరు, మొక్కలూ జీవాలూ తెలిసిన జీవావరణ నిపుణులు, ఊరివాళ్లతో ఓపిగ్గా మాట్లాడగల మనిషి. ముగ్గురూ మొదటి రోజు నుంచే ఉండాలి. డిజైన్ అంతా అయ్యాక జీవావరణ నిపుణుల్ని సంతకం కోసం పిలిస్తే వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు.
- నేల ఎత్తుల వివరాలు, దొరికినంత వెనక్కి వర్షపాతం, నీటిమట్టం రికార్డులు.
- భూమి ఎవరి పేరున ఉందో, నిజంగా ఎవరు వాడుకుంటున్నారో చెప్పే వివరాలు. ఈ రెండూ చాలాచోట్ల ఒకటి కావు.
- నేల కింద పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో చూపే మ్యాపు.
- పనికి ముందు కనీసం ఒక పూర్తి ఏడాది: ఒక వానాకాలం, ఒక ఎండాకాలం కళ్లారా చూడటానికి.
- నిర్వహణ, కొలతల కోసం విడిగా పెట్టిన డబ్బు. కనీసం ఐదేళ్లకు. దీన్ని నిర్మాణ ఖర్చులో కలిపేస్తే మొదటి ఏడాదే అయిపోతుంది.

1. ఎవరి అనుమతి కావాలో, ఎవరికి నష్టమో ముందే రాసుకోండి

ఏరు మీ పరిధిలో పుట్టి మీ పరిధిలోనే కలిసిపోదు. పైన ఒక స్థానిక సంస్థ, కింద ఇంకొకటి ఉంటాయి. నీటిపారుదల, రోడ్లు, రైల్వే, అటవీ, పర్యావరణ శాఖల్లో ఎవరి చేయి ఎక్కడ ఉందో ఒకే పేజీలో పట్టిక వేయండి. ఏ అనుమతికి ఎంత కాలం పడుతుందో పక్కనే రాయండి. ఆ పట్టికలో అన్నిటికంటే ఎక్కువ నెలలు పట్టే అనుమతి ఏదో అదే మీ అసలు షెడ్యూలు.

కింది ఊరికి ముందే చెప్పండి. మీరు చేసే మార్పువల్ల వాళ్ల దగ్గర నీటిమట్టం పెరగదని లెక్కతో చూపించాల్సిన బాధ్యత మీది. తర్వాత తెలిసి వాళ్లు కోర్టుకు వెళితే పని ఏళ్ల తరబడి ఆగిపోతుంది.

2. వరద గుర్తులు పట్టుకోండి

రికార్డులు లేని ఏళ్లకు, వరద నీళ్లు గీతలు వదిలిన గోడలే రికార్డులు. ఈ పనిని చిన్నచూపు చూడకండి. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ ఎంత మంచిదైనా ఈ గుర్తులతో సరిపోలితేనే నమ్మాలి.

గుర్తు తీసేటప్పుడు ఇంటి బయటి గోడకంటే లోపలి గోడ చూడండి. బయట అలలు, దాటిపోయిన వాహనాల తరంగాలు నీటిని పైకి ఎగజిమ్మి ఉంటాయి. లోపల నీళ్లు కదలకుండా నిలుస్తాయి కాబట్టి సన్నటి బురద గీత, గడ్డి విత్తనాలు అంటుకున్న గీత కచ్చితంగా దొరుకుతాయి. తడి మరకను మాత్రం నమ్మకండి. గోడలోని సున్నం, ఇటుక నీటిని పైకి పీల్చుకుంటాయి. చెమ్మ గీత అసలు నీటిమట్టం కంటే బాగా పైన ఉంటుంది. తలుపు చట్రం వెనక, మెట్ల కింద, బీరువా లోపలి పక్క వెతకండి. రంగు వేయని చోట పాత గుర్తులు మిగిలి ఉంటాయి. ప్రతి గుర్తుకూ ఫొటో, ఏ ఏడాది వరద, ఎవరు చెప్పారు, ఎంత నమ్మకం అన్న నాలుగు వివరాలు రాసి, సర్వే పరికరంతో సముద్రమట్టం నుంచి ఎత్తు తీయండి. "మోకాలి లోతు" అన్న మాటను అలాగే వదిలేస్తే తర్వాత దేనికీ పనికిరాదు.

ఉచితంగా దొరికే సహాయం ఒకటుంది. సెంటినెల్-1 ఉపగ్రహం రాడార్‌తో చూస్తుంది కాబట్టి మబ్బులు పట్టి ఉన్నా ముంపు కనిపిస్తుంది. గత వరదల తేదీలు తెలిస్తే ఆ రోజులకు దగ్గర్లో తీసిన చిత్రాలు వెతకండి. ఇళ్ల మధ్య ముంపును ఇది సరిగా చూపలేదు. పొలాలు, ఖాళీ నేలల దగ్గర బాగా పనికొస్తుంది.

3. ముంపు మ్యాపు తయారుచేయండి

నీటి ప్రవాహం లెక్కకు హెక్-రాస్, మ్యాపులకు క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతాయి. సాఫ్ట్‌వేర్ కొనలేదని ఎవరూ ఆగిపోనక్కర్లేదు. చిక్కంతా నేల ఎత్తుల దగ్గరే వస్తుంది.

హెచ్చరిక: ప్రపంచమంతటికీ ఉచితంగా దొరికే 30 మీటర్ల ఎత్తుల డేటాలో చెట్ల కొనలు, ఇంటి కప్పులు కూడా నేలగానే లెక్కలోకి వస్తాయి. పొరపాటు మీటర్లలో ఉండొచ్చు. చదునైన ముంపు నేలలో అర మీటరు తేడా అంటే ఒక కాలనీ మునగడం, మునగకపోవడం. డ్రోన్‌తో గానీ విమానం నుంచి లేజర్‌తో గానీ సర్వే చేయించండి. డబ్బు లేకపోతే ఏటి అడ్డుకోతలు (ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా అడుగు ఎత్తులు), రోడ్డు గట్లు, కల్వర్టులు, లోతట్టు ఇళ్ల గడపలు, ఈ నాలుగింటి ఎత్తులైనా చేతి సర్వేతో తీయించండి. నీళ్ల దారిని మార్చేది ఎక్కువగా రోడ్డు గట్లూ కల్వర్టులే. అవే చాలా మోడళ్లలో కనిపించవు.

మోడల్ చూపిన ముంపు, మీరు సేకరించిన గుర్తులు సరిపోలకపోతే గుర్తుల్ని పక్కన పెట్టకండి. ముందు కల్వర్టుల కొలతలు మళ్లీ చూడండి. వరద రోజున అందులో చెత్త అడ్డుపడి ఉందేమో చుట్టుపక్కల వాళ్లను అడగండి. సగం మూసుకుపోయిన కల్వర్టుతో ఒకసారి, తెరిచి ఉన్నట్టు ఒకసారి లెక్క నడపండి. ప్రణాళికకు మొదటిదే వాడండి.

ఇక "వందేళ్ల వరద" అన్న మాట. వందేళ్లకోసారి వచ్చేదని జనం అనుకుంటారు. నిజానికి ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 1 శాతం ఉన్న వరద అది. నిరుడు వచ్చినా ఈ ఏడాది అవకాశం అంతే. 30 ఏళ్లు ఒకే ఇంట్లో ఉంటే కనీసం ఒకసారి చూసే అవకాశం సుమారు 26 శాతం, అంటే నాలుగిళ్లలో ఒక ఇల్లు అనుకోండి. ప్రజల ముందు ఈ లెక్కే చెప్పండి. "వందేళ్ల" అన్న మాట మ్యాపు మీద రాయకపోవడమే మంచిది.

4. ఊరివాళ్లతో కూర్చోండి, డిజైన్ గీయకముందే

ఇక్కడ తొందరపడిన ప్రాజెక్టులే ఎక్కువగా ఆగిపోతాయి. పూర్తయిన డ్రాయింగ్ గోడకు తగిలించి "మీ అభిప్రాయం చెప్పండి" అంటే, అంతా అయిపోయాక మమ్మల్ని పిలిచారని జనం సరిగ్గానే అనుకుంటారు.

మొదటి సమావేశానికి ఖాళీ మ్యాపు తీసుకెళ్లండి. పెద్ద కాగితం మీద ఏరు, రోడ్లు, బడి, గుర్తుపట్టగల చెట్లు మాత్రం ఉండాలి. రంగు పెన్సిళ్లు ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి. నీళ్లు మొదట ఎటు నుంచి వచ్చాయి? ఎన్ని రోజులు నిలిచాయి? ముందు ఈ నేల ఎలా ఉండేది? మూడో ప్రశ్నకు పెద్దవాళ్లు చెప్పే జవాబులు బంగారం. పూడిపోయిన పాయ ఎక్కడుండేదో, చేపలు ఏ మడుగులో గుడ్లు పెట్టేవో ఏ ఉపగ్రహమూ చెప్పదు.

సమావేశానికి రాని వాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి: అద్దెకుండేవాళ్లు, కూలిపనికి వెళ్లేవాళ్లు, పశువుల్ని మేపుకునేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు. ముంపులో మొదట మునిగేది చాలాచోట్ల వీళ్లే. మైకు ముందు మాట్లాడేది మాత్రం వేరేవాళ్లు. ఆడవాళ్లతో విడిగా కూర్చుంటే నీళ్లు ఇంట్లోకి వచ్చిన గంటల గురించి, మరుగుదొడ్ల గురించి, ముసలివాళ్లను తరలించడం గురించి బయటికి రాని వివరాలు తెలుస్తాయి.

మాట ఇచ్చేటప్పుడు జాగ్రత్త. "ఇక మీకు వరద రాదు" అని ఎప్పుడూ అనకండి, ఎవరినీ అననివ్వకండి. "ఇంతవరకు వచ్చే నీళ్లను ఆపుతుంది, అంతకు మించితే మునుగుతుంది, అప్పుడు ఇటు వెళ్లాలి" అని చెప్పండి. కరకట్ట కట్టాక ఇక భయం లేదనుకుని దాని వెనక మరిన్ని ఇళ్లు కట్టుకోవడం, కట్ట తెగిన రోజు నష్టం అంతకుముందు కంటే ఎక్కువ కావడం గురించి అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940ల నుంచే హెచ్చరిస్తూ వచ్చారు.

ప్రతి సమావేశం తర్వాత రెండు వారాల్లోపు ఒక పేజీ కాగితం పంచండి: మీరు చెప్పింది ఇది, మేము మార్చింది ఇది, మార్చలేనిది ఇది, కారణం ఇది. నాలుగో వరుస రాయడం కష్టం. కానీ అది ఉంటేనే రెండో సమావేశానికి జనం వస్తారు.

5. నేలను మూడు రకాలుగా విడదీయండి

మొదటిది నీళ్లు వేగంగా పారే దారి. ఇక్కడ కట్టడాలు, మట్టి పోయడం, గోడలు, దట్టమైన చెట్ల తోటలు కూడా వద్దు. రెండోది నీళ్లు నెమ్మదిగా నిలిచే చోటు. చిత్తడి నేలలు, మడుగులు, పచ్చిక, ఆటస్థలాలకు ఇదే సరైనది. మూడోది అంచు, అరుదుగా మునిగేది. ఇక్కడ ఇళ్లు ఉండొచ్చు, గడప ఇంత ఎత్తుకు పైనే ఉండాలన్న నియమంతో.

లోతు ఒక్కటే చూసి గీతలు గీయకండి, వేగం కూడా చూడాలి. ఉధృతంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్ద మనిషిని పడేయగలవు. 30 సెంటీమీటర్లుంటే చిన్న కార్లను లాక్కుపోగలవు. నిలిచిన నీళ్లలో అదే లోతు అంత ప్రమాదం కాదు.

ఆసుపత్రి, బడి, విద్యుత్ సబ్‌స్టేషన్, తాగునీటి పంపుహౌస్ మూడో రకం నేలలోనూ ఉండకూడదు. ఇప్పటికే ఉంటే వాటికి విడిగా రక్షణ, ప్రత్యామ్నాయ దారి రాసుకోండి.

మట్టి పోయక తప్పని చోట, అంతే పరిమాణం మట్టిని అదే వరద మైదానంలో, అదే ఎత్తు దగ్గర తవ్వి తీయించాలన్న నియమం పెట్టండి. వేరే ఎత్తులో తవ్విన గొయ్యి వరద రాకముందే నిండిపోతే లెక్క కాగితం మీదే సరిపోయినట్టు.

6. భూమి సంగతి తేల్చుకోండి

మార్గాలు నాలుగు. కొనడం. యాజమాన్యం వాళ్లదే ఉంచి నీళ్లు నిలిపే హక్కు మాత్రం ఒప్పందంతో తీసుకోవడం. మునిగిన ప్రతిసారీ పంట నష్టం కట్టివ్వడం. ఇష్టపడ్డ కుటుంబాలకు సురక్షితమైన చోట ఇల్లిచ్చి తరలించడం.

కొనడం ఖరీదైన పనిలా కనిపిస్తుంది కానీ ముందే తోసిపుచ్చకండి. అమెరికాలోని చార్లెస్ నది ఎగువన కొత్త కట్టడాలు కట్టే బదులు ఉన్న చిత్తడి నేలలనే కొని కాపాడారు. 1983 నాటికి 3,200 హెక్టార్లకు పైగా అలా రక్షణలోకి వచ్చాయి. నెదర్లాండ్స్‌లో 1995లో నదులు ప్రమాదకరంగా పొంగి సుమారు 2,50,000 మందిని ఖాళీ చేయించాక, నదికి చోటివ్వడమే విధానంగా పెట్టుకుని ముప్పైకి పైగా చోట్ల పనులు చేశారు. నైమేఖన్ నగరం ఎదుట కరకట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి కొత్త పాయ తవ్వారు. దానికోసం 50 దాకా ఇళ్లు తీయాల్సి వచ్చింది. ఆ ఇళ్లవాళ్లతో మాట్లాడటం మట్టిపని కంటే తక్కువ పని కాదు. మీ షెడ్యూల్లో దానికీ నెలలు రాయండి.

తరలింపు ఇష్టపూర్వకంగా జరిగితే ఒక చిక్కు వస్తుంది. మధ్యమధ్యలో కొన్ని ఇళ్లు మిగిలిపోతాయి. ఖాళీ అయిన స్థలాలు ముక్కలుగా ఉండి మొక్కలూ జీవాలూ బతికే ఆవాసానికీ పనికిరావు, ఉన్న కొద్ది ఇళ్లకీ రోడ్డు, కరెంటు ఇవ్వక తప్పదు. అందుకని వీధి మొత్తం ఒకేసారి మాట్లాడి, కలిసి కదలాలనుకునేవాళ్లకు పక్కపక్కనే ఇళ్లు చూపించండి. బలవంతంగా ఖాళీ చేయించడం మాత్రం వద్దే వద్దు. అది అన్యాయం. పైగా ఆ ఊళ్లో ఆ తర్వాత ఏ ప్రాజెక్టూ నడవదు.

7. ఆవాసం డిజైన్: ముందు నీళ్లు, తర్వాత మొక్కలు

ఫ్లోరిడాలోని కిసిమ్మీ నదిని 1962–1971 మధ్య వంపులన్నీ తీసేసి లోతైన కాలువగా మార్చారు. పక్కనున్న చిత్తడి నేలలు ఎండిపోయాయి, నీటి పక్షులు బాగా తగ్గిపోయాయి. 1999 నుంచి 2021 దాకా ఆ కాలువలో పెద్ద భాగాన్ని పూడ్చి నీళ్లను పాత వంపుల్లోకి తిప్పారు. నీళ్లు తిరిగొచ్చాక చిత్తడి మొక్కలు చాలావరకు వాటంతట అవే మొలిచాయి, పక్షులు తిరిగొచ్చాయి. మీ చేతిలో కోటి రూపాయల మొక్కలున్నా, ఏడాదిలో ఎన్ని రోజులు ఎంత లోతు నీళ్లుంటాయో తేలకపోతే ఏ మొక్క ఎక్కడ నాటాలో ఎవరూ చెప్పలేరు.

పని చేయబోయే చోట మీటరు లోతు గుంతలు తవ్వించండి, చుట్టూ కంచె వేసి. లోపలి గోడ మీద మట్టి రంగు చూడండి. బూడిద రంగు మట్టిలో తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే ఏడాదిలో కొంతకాలం అక్కడ నీళ్లు నిలుస్తున్నాయని, లేదా ఒకప్పుడు నిలిచేవని అర్థం. ఆ మచ్చలు ఏ లోతు నుంచి మొదలవుతున్నాయో టేపు పెట్టి కొలవండి. పిడికెడు మట్టి తడిపి బొటనవేలితో నొక్కుతూ రిబ్బను తీయండి. ఐదు సెంటీమీటర్ల పొడవు దాకా తెగకుండా వస్తే బంకమట్టి ఎక్కువ, నీళ్లు నిలుస్తాయి. రెండు సెంటీమీటర్లకే విరిగిపోతే మడుగు తవ్వినా నిండి ఉండదు. పక్కనే ఒక చిల్లుల పైపు దించి వారానికోసారి నీటిమట్టం రాసుకుంటే ఏడాది తిరిగేసరికి సగం డిజైన్ మీ చేతిలో ఉన్నట్టే.

చెత్త పోసిన చరిత్ర, పాత కర్మాగారం ఉన్న నేల అయితే తవ్వకముందే మట్టిలో భారలోహాలు, నూనె అవశేషాల పరీక్ష చేయించండి. కలుషిత మట్టిని తవ్వి వరద దారిలో తెరిచి ఉంచడం కంటే ముట్టుకోకుండా వదిలేయడమే చాలాసార్లు మేలు.

డిజైన్‌లో చూడాల్సినవి ఇవి. మడుగు గట్టు ఏటవాలుగా, చాలా నెమ్మదిగా దిగాలి. నిలువుగా కోస్తే మొక్కలకు చోటుండదు, పిల్లలకు ప్రమాదం. ఒకటే లోతు వద్దు, కొంత లోతు, కొంత పలచన, మధ్యలో చిన్న లంకలు ఉండాలి. వరద తగ్గేటప్పుడు చేపలు తిరిగి ఏట్లోకి వెళ్లే దారి తప్పక ఉండాలి. లేకపోతే మడుగులో చిక్కుకుని చచ్చిపోతాయి. కల్వర్టు కింది చివర ఏటి అడుగు కంటే ఎత్తులో వేలాడుతుంటే చేపలు పైకి ఎక్కలేవు. అడుగును ఏటి అడుగుకంటే కొద్దిగా కిందకి దించి మీద గులకరాళ్లు పరవండి.

నీళ్లు పారే దారిలో చెట్లు గుబురుగా పెంచడం గురించి ఇంజనీరుతో మళ్లీ లెక్క చేయించండి. గుబురు చెట్లు నీటి వేగాన్ని బాగా తగ్గిస్తాయి, దాంతో ఎగువన నీటిమట్టం పెరుగుతుంది. ఎగువన ఖాళీ నేల ఉంటే అది మంచిదే, ఇళ్లుంటే ప్రమాదం.

ప్రత్యామ్నాయం: డబ్బు తక్కువైతే కొత్తగా ఏమీ తవ్వకండి. పాత గట్టుకు రెండు మూడు చోట్ల గండ్లు కొట్టి, పూడిపోయిన పాయ నోరు తెరిచి, పశువులు ఒడ్డు తొక్కకుండా కంచె వేసి రెండు సీజన్లు చూడండి. ఎక్కువ పని ఏరే చేసి పెడుతుంది.

8. టెండరు, పని జరిగే నెలలు

టెండరులో "మొక్కలు నాటడం: ఇన్ని వేలు" అని రాస్తే కాంట్రాక్టరు ఆ వేలు నాటి బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. చెల్లింపును బతికిన మొక్కలకు ముడిపెట్టండి. నాటగానే కొంత, ఒక సీజన్ తర్వాత కొంత, రెండో ఏడాది చివర మిగతాది. స్థానిక జాతుల మొక్కలు నర్సరీల్లో సిద్ధంగా దొరకవు. పని మొదలవడానికి కనీసం ఏడాది ముందే ఆర్డర్ పెట్టండి. లేకపోతే చివరి నిమిషంలో దొరికిన ఏవో అలంకార మొక్కలు వచ్చి పడతాయి.

మట్టిపని నీళ్లు తక్కువున్న నెలల్లోనే. చేపలు గుడ్లు పెట్టే, పక్షులు గూళ్లు కట్టే నెలలు వదిలేయండి. పై పొర మట్టిని, సుమారు 20 సెంటీమీటర్లు, విడిగా తీసి పక్కన ఉంచి చివర మళ్లీ పరిపించండి. స్థానిక విత్తనాలు, సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. యంత్రాలు తొక్కి గట్టిపడ్డ నేలను పని చివర దున్నించకపోతే వేర్లు దిగవు.

తవ్విన మట్టి ఎక్కడ పోస్తారో టెండరులోనే మ్యాపుతో చూపండి. దగ్గరుంది కదా అని ఒడ్డు మీదే గుట్టగా పోస్తే అదే కొత్త కరకట్ట అవుతుంది. ఏటినీ మైదానాన్నీ కలపడానికి మొదలుపెట్టిన పని రెంటినీ విడదీస్తుంది. ఒడ్డు కోసుకుపోకుండా కొబ్బరి పీచు చాపలు వాడండి. ప్లాస్టిక్ వలలు ఏళ్లపాటు కుళ్లవు, పాములు, కప్పలు అందులో చిక్కుకుంటాయి.

పని పూర్తయ్యాక "కట్టినట్టుగా" సర్వే, అంటే నిజంగా వచ్చిన ఎత్తులు, లోతుల కొలత, చేయించకుండా చివరి బిల్లు ఇవ్వకండి. చిత్తడి నేలలో 20 సెంటీమీటర్లు ఎక్కువ తవ్వినా తక్కువ తవ్వినా వేరే ఆవాసం తయారవుతుంది.

9. నిర్వహణ

మొదటి రెండేళ్లలో వచ్చే పెద్ద శత్రువు దూకుడుగా పెరిగే పరాయి మొక్కలు. తాజాగా తవ్విన నేల వాటికి స్వర్గం. దక్షిణ అమెరికా నుంచి వెచ్చని దేశాలన్నిటికీ పాకిన గుర్రపుడెక్కలాంటిది నాలుగు మొక్కలుగా ఉన్నప్పుడే చేత్తో తీసేయాలి. మడుగంతా పరుచుకున్నాక యంత్రాలు కావాలి, ఖర్చు ఏటేటా పెరుగుతుంది. నెలకోసారి ఒక మనిషి చుట్టూ నడిచి చూసే ఏర్పాటు, ఆ మనిషికి జీతం, రెండూ బడ్జెట్‌లో పేరుతో సహా ఉండాలి. చుట్టుపక్కల ఉండేవాళ్లకే ఆ పని ఇస్తే చూపు పదునుగా ఉంటుంది.

దోమలు, పాముల గురించి ప్రతి సమావేశంలో అడుగుతారు. కొట్టిపారేయకుండా జవాబివ్వండి. వెచ్చని రోజుల్లో దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. చేపలు తిరిగే మడుగుల్లో లార్వాలు మిగలవు. చేపలు లేని చిన్న గుంటలు వారంలోపు ఎండేలా వాలు ఇవ్వాలి. మధ్యరకంగా, చేపలూ రాని, ఎండిపోనూ పోని గుంటలే దోమల్ని పెంచుతాయి, వాటిని డిజైన్‌లోనే తీసేయండి. ఇళ్లవైపు గడ్డి పొట్టిగా కోసిన వెడల్పాటి పట్టీ ఉంచితే పాముల భయం తగ్గుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

ప్రారంభోత్సవం తేదీ ముందు ఖాయం చేసి డిజైన్‌ను దానికి కుదించడం. రాజకీయ ఒత్తిడి ఉంటుంది, నిజమే. అందుకే మొదటి ఏడాదే చూపించడానికి ఒక చిన్న పని పెట్టుకోండి: ఒక నడకదారి, ఒక పాయ నోరు తెరవడం, వరద ఎత్తు గుర్తు స్తంభాలు. పెద్ద పనికి కావాల్సిన సమయం అప్పుడు దొరుకుతుంది.

ఉపనది నీళ్లను ఆపి ఆలస్యంగా వదిలితే ఎప్పుడూ మంచిదే అనుకోవడం. ఆ ఆలస్యంవల్ల ఉపనది ఉధృతి, పెద్ద నది ఉధృతి ఒకే గంటకు కలిస్తే కింద ముంపు పెరుగుతుంది. మొత్తం పరీవాహక ప్రాంతం లెక్కలో ఈ రెండింటి సమయాలు పక్కపక్కన పెట్టి చూడండి.

పచ్చదనాన్ని ఆవాసం అనుకోవడం. కోసిన లాన్, వరుసగా నాటిన ఒకే రకం చెట్లు, సిమెంటు ఒడ్డు ఉన్న చెరువు పార్కుగా బాగుంటాయి. కప్పకు, చేపకు, పక్షికి అందులో చోటు లేదు. ప్రాజెక్టు పేరులో పునరుద్ధరణ అని ఉంటే, ఏ జీవికి ఏమి తిరిగి వస్తుందో రాయగలగాలి.

ఫలితం చూసుకోవడం ఎలా?

పని మొదలవకముందు కొలిచినదే తర్వాతా కొలవాలి. అలాగే, మీరు ముట్టుకోని, ఇలాంటిదే ఇంకో చోట కూడా అవే కొలతలు తీయాలి. మంచి వానలు పడిన ఏడాది అన్నిచోట్లా పక్షులు పెరుగుతాయి. పోల్చడానికి రెండో చోటు లేకపోతే ఆ పెరుగుదల మీ పనివల్లా, వానవల్లా అన్నది తేలదు.

ఫొటోలకు స్థిరమైన చోట్లు పెట్టండి. రాయి పాతి, ఏ దిక్కుకు తిరిగి ఏ ఎత్తు నుంచి తీయాలో రాసి, ఏడాదికి రెండుసార్లు అదే నెలల్లో తీయండి. అతి చవకైన పద్ధతి ఇదే. కౌన్సిల్ సభ్యులకు అన్నిటికంటే త్వరగా అర్థమయ్యేదీ ఇదే.

నీళ్లకు సంబంధించి చూడాల్సినవి: అనుకున్న నీటిమట్టం దగ్గరే ఏరు మైదానంలోకి ఎక్కుతోందా, ఎన్ని రోజులు నిలిచింది, తిరిగి ఎంత వేగంగా దిగింది. జీవాలకు సంబంధించి: బతికిన మొక్కల శాతం, పరాయి మొక్కలు ఆక్రమించిన విస్తీర్ణం, చేప పిల్లలు ఉన్నాయా, కప్పల అరుపులు వినిపిస్తున్నాయా. ఊరికి సంబంధించి: ముంపు అంచులో కొత్త కట్టడాలు లేచాయా, హెచ్చరిక అందిన ఇళ్లు ఎన్ని.

మొదటి పెద్ద వరద తగ్గిన 48 గంటల్లోపు, నడవడానికి సురక్షితమని తేలాక, సైట్ మొత్తం తిరగండి. గుర్తులు చెరిగిపోకముందే వాటి ఎత్తు తీయించి మోడల్ చెప్పినదానితో పోల్చండి. ఒండ్రు ఎక్కడ పేరుకుందో, ఒడ్డు ఎక్కడ కోసుకుందో మ్యాపు మీద గీయండి. కోసుకుపోయిన ప్రతి చోటా వెంటనే రాళ్లు పేర్చేయకండి. ఇల్లు, రోడ్డు, పైపు దగ్గర్లో లేకపోతే ఇంకో వరద దాకా ఆగి చూడండి. కొత్త ఏరు తన దారి సర్దుకుంటున్నప్పుడు కొంత కోత, కొంత మేట మామూలే. కోత వరుసగా రెండు వరదల్లో ఒకే వైపు ముందుకొస్తూ, ఇది దాటకూడదని మీరు ముందే మ్యాపు మీద గీసుకున్న హద్దు గీతను తాకబోతోందంటే మాత్రం ఇంజనీరునూ జీవావరణ నిపుణుల్నీ ఒకేసారి సైట్‌కు పిలిచి అక్కడికక్కడే నిర్ణయం రాయించుకోండి.